ఏడు పడవల పెండలం

మోర్‌హెడ్ నది మీద వాన వెలిసిన మూడో రోజున
మా తాత సవేరా కొట్టు తలుపు తీశాడు.
లోపలి నుంచి పెండలం వాసన:
తడి మట్టి, పాత బుట్ట,
ఎలుక పడుకుని లేచిన గడ్డి.

మా ఊళ్ళో లెక్క ఒక్కరి పని కాదు.
ఇద్దరు మోస్తారు, తలా మూడు.
ఆరు దుంపలు నేల తాకగానే
తాత గొంతెత్తి ఒకటి అంటాడు.
మళ్ళీ ఆరు. రెండు.
ఆరు ఆర్లు నిండితే ఒక ఫెతా,
గుర్తుకి ఒక దుంప పక్కకి.
ఆరు ఫెతాలైతే ఒక తరుంబా.
ఆ పైన కూడా పేర్లున్నాయి,
వాటికి సరిపడా పెండలం
నా పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

నేను డారు బడి నుంచి సెలవులకొచ్చినదాన్ని,
వేళ్ళు పది కనుక అంకెలూ పదే అని నేర్చినదాన్ని.
గుమ్మంలో కూర్చుని మోకాలి మీద నోటుబుక్కు,
దుంపకో గీత.

పొద్దుగూకేసరికి చాప మీద వరసగా గుర్తులు:
తరుంబాలు రెండు, ఫెతాలు నాలుగు,
ఆర్లు మూడు, ఒంటిది ఒకటి.
రెండు నాలుగు మూడు ఒకటి.
బడి కళ్ళతో చదివితే
రెండువేల నాలుగువందల ముప్ఫై ఒకటి!
అన్ని ఉంటే కొట్టు ఎప్పుడో కూలేది.
నా పుస్తకంలో ఉన్నవి ఐదువందల తొంభై ఐదు.
రెండూ ఒక కుప్పే.

విందుకి ఐదు పడవలని కబురు.
"సమంగా వస్తాయి" అన్నాను, చివరి ఐదుని చూసి.
తాత చాప మీద గుర్తులన్నీ కూడాడు.
పది.
"ఐదులోకి పోతుంది, మిగలదు."

మరి మూడే పడవలైతే?
ఐదూ తొమ్మిదీ ఐదూ కూడి
పంతొమ్మిది దగ్గర నేనింకా తడుముకుంటుంటే
ఆయన చివరి ఒంటి దుంపని
కాలి బొటనవేలితో దొర్లించాడు:
"మిగిలేది ఇదిగో, ఇదే."

అప్పుడు నెమ్‌గా అత్త రేవు నుంచి
రొప్పుతూ వచ్చింది.
"ఐదు కాదు. ఏడు."

ఏడు!
పదితో బతికేవాళ్ళని
ఏడిపించడానికే పుట్టింది.
పుల్లతో ఇసుకలో భాగహారం వేశాను.
ఏడెనిమిదులు యాభై ఆరు, మూడు మిగులు,
పక్కన ఐదు దించబోతే
కోడిపెట్ట నా మూడు మీంచి నడిచిపోయింది.

ఈలోగా తాత
గుర్తు దుంపల్ని వరస విడిచి వరస ఏరుతున్నాడు.
కుడి బుట్టలోకి ఒకటీ, నాలుగూ.
ఎడమ బుట్టలోకి మూడూ, రెండూ.
రెండు చేతులా పైకెత్తి చూశాడు.
ఐదూ ఐదూ.
"తూగింది. ఏడుగురికీ సరిపోతుంది."

ఎట్లా? అన్నాను.

"ఏడు ఎవరనుకున్నావు? ఆరుకి పక్కింటివాడు.
ఆరు దుంపలు ఏడుగురికి పంచితే
ఒకటి తక్కువ.
ఫెతా పంచితే ఒకటి ఎక్కువ.
తరుంబాకి మళ్ళీ ఒకటి తక్కువ.
తక్కువలూ ఎక్కువలూ ఎదురుబొదురు కూర్చుని
సరిసమానమైతే
ఇంకెవడు కొట్లాడతాడు?"

నా పదికి పక్కింటివాళ్ళు ఎవరా అని
ఆ రాత్రి వేళ్ళు ముడుచుకుంటూ వెతికాను.
ఇటు తొమ్మిది. అటు పదకొండు.
పదకొండు పడవలు
మా రేవుకి ఎప్పుడొచ్చాయి గనక!

తెల్లవారి పడవకి ఎనభై ఐదు అన్నాను నేను.
రెండు రెండు ఒకటి అన్నాడు తాత.
పడవవాళ్ళు ఇద్దరి మాటా వినలేదు,
అడుగు పలకలు తడవకుండా
అరిటాకులు పరిచే పనిలో ఉన్నారు.

చివరికి గుర్తు దుంపలూ
వాటాల్లో కలిసి వెళ్ళిపోయాయి.
చాప మీద పది మట్టి మచ్చలు,
రెండు, నాలుగు, మూడు, ఒకటి.
అత్త చాప దులపబోయింది.
ఉండు, అన్నాను.